డబ్బు లేకపోయినా ఊరికి సాయం చేయవచ్చు



"మన ఊరికి ఏదైనా చెయ్యాలి" అని రాత్రిపూట హాస్టల్లో చాలాసార్లు మాట్లాడుకుంటాం. ఆ వెంటనే "మనకాడ డబ్బుల్లేవు గదా, ఉద్యోగం వచ్చాక చూద్దాం" అని దుప్పటి కప్పుకుంటాం. నేనూ అలాగే అనేవాణ్ణి. పోయిన దసరా సెలవుల నుంచి ఆ మాట మానేశాను. ఎందుకో చెప్తాను.

మా తాతకి కొండమీద ఎకరంన్నర పోడు ఉంది. పట్టా కోసం అర్జీ పెట్టాడు. ఎండాకాలం చివర్లో ఒక కాగితం వచ్చింది. ఊళ్లో చదువుకున్న పిల్లలం అందరం హాస్టళ్లలోనే ఉన్నాం. తాత దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చూరులో దోపాడు. దసరాకి నేను వెళ్తే తీసి చూపించి "పట్టా వచ్చిందిరా" అన్నాడు. చదివితే అది పట్టా కాదు. అర్జీ తిరస్కరించారు. 60 రోజుల్లోగా జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చని కింద రాసి ఉంది. అప్పటికి నాలుగు నెలలు దాటింది. ఆ సంగతి తాతకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ కాగితం చదవడానికి రూపాయి ఖర్చు లేదు. చదివే మనిషి లేడు, అంతే.

అందుకని సెలవుల్లో మనం చేయగలిగిన మూడు పనులు రాస్తున్నాను.

1. కాగితం చదివి చెప్పడం: ముందుగా మూడు సంగతులు చూడాలి. ఎవరి పేరున వచ్చింది? తేదీ ఏమిటి? ఎన్ని రోజుల్లోగా ఏం చెయ్యమన్నారు? తర్వాత దాన్ని కువి గాని, కోయ గాని, సవర గాని మన ఇంటి భాషలో నిదానంగా చెప్పాలి. తెలుగులో గబగబా చదివేసి వెళ్లిపోతే అవ్వకి ఏం అర్థమవుతుంది? చదివి వినిపించకుండా ఎవరినీ వేలిముద్ర వెయ్యనివ్వకూడదు.

పోడు సంగతి అందరం తెలుసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఇవ్వవచ్చు. భార్యాభర్తలుంటే పట్టా ఇద్దరి పేరునా ఉండాలి. అర్జీ మొదట గ్రామసభకే వెళ్తుంది. ఒకటి కంటే ఎక్కువ రకాల సాక్ష్యం చూపించాలి. అర్జీదారు కాకుండా వేరే ఊరి పెద్దలు చెప్పిన మాట రాసి పెట్టినా అది ఒక సాక్ష్యమే. పెద్దలకి అన్నీ గుర్తున్నాయి, రాయడం రాదు. మనకి రాయడం వచ్చు. ఇద్దరం కూర్చుంటే పని అయిపోతుంది.

2. ఉప్పు పంచదార నీళ్లు: వానాకాలంలో విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు పోయి చిన్నపిల్లలు చనిపోతారు. ఆశ కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్ పొట్లాలు ఉంటాయి. అవి దొరికేదాకా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. చెంచాలు గీటుగా కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. తల్లిపాలు ఆపకూడదు. కళ్లు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల శరణార్థులు బెంగాల్‌లోని బనగావ్ శిబిరానికి వచ్చారు. వారిలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్లు తాగించారు. తాగించినవాళ్లు చాలావరకు రోగుల ఇంటివాళ్లే. అంతకుముందు నూటికి 30 మంది దాకా పోయేవారు, తర్వాత అది 4 కంటే తగ్గింది. చనిపోయాక 2023లో ఆయనకి పద్మవిభూషణ్ ఇచ్చారు.

3. ఒంటి సాయం: వరి కోసినా, ఇల్లు నేసినా మన ఊళ్లలో ఒకరికొకరు సాయం వెళ్లి అంబలి తాగి రావడం ఉంది. శ్రమదానం అనే పేరు పుస్తకంలో చదివాం గాని పని మనవాళ్లకి కొత్త కాదు. నలుగురం కలిసి ఒక పూట ఊట చుట్టూ బురద తీసి, పశువులు దిగకుండా కంప కట్టినా ఊరంతా మంచి నీళ్లు తాగుతుంది.

ఒక్క మాట. చదువుకున్నాం గదా అని పెద్దల దగ్గర గొప్పలు పోకూడదు. వాళ్లు అడిగినది చెయ్యాలి, కాగితం తిరిగి వాళ్ల చేతికే ఇవ్వాలి.

వార్డెన్ గారికి మనవి: సెలవులకి ముందురోజు ఒక గంట మాకు అర్జీ రాయడం నేర్పించండి.

తాత కోసం మళ్లీ అర్జీ రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు. మూడో తరగతిలో ఉన్న మా చెల్లికి తేదీ చదవడం నేర్పి వచ్చాను. ఈసారి కాగితం వస్తే చూరులో పెట్టనివ్వొద్దని, ఆ రోజే బడికి పట్టుకెళ్లి టీచరు గారికి చూపించమని చెప్పాను.

— 9వ తరగతి విద్యార్థి