తొలకరి పచ్చదనంలో తేనెటీగల కరువు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కరువు అనగానే ఎండిన చెరువులూ బీడు పొలాలూ తలపుకు రావడం సహజమే గాని, తేనెటీగల కరువు ఆ లెక్కకు ఒదగదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే ఈ మెట్టసీమలో, పొలాలు బోసిపోయే వేసవిలోనే వేప, కానుగ, చింత పూతకు వచ్చి తేనెటీగలకు మకరందాన్నీ పుప్పొడినీ సమకూరుస్తాయి. ఆ పూతలు రాలిపోయి, తొలకరికి నేల పచ్చబడి, మనుషులు ఊరట చెందే రోజుల్లోనే తేనెటీగల పెట్టెల్లోని తేనె నిల్వలు తరగడం మొదలవుతుంది.

ఇక్కడి ప్రధాన పంటలు ఈ లోటును తీర్చలేవు. వేరుశనగ పువ్వు చాలావరకు స్వపరాగ సంపర్కంతోనే, అంటే తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందేది కనుక, తేనెటీగను రప్పించవలసిన అవసరం దానికి అంతగా లేదు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కూ ధర్మవరం మగ్గాలకూ ఆధారమైన మల్బరీకి పరాగ సంపర్కం గాలి వల్ల జరుగుతుంది. పైగా ఆకు కోసం తరచుగా కత్తిరించే తోటలో పూతకు తావే తక్కువ. అయితే పట్టుపురుగు చనిపోతుందనే భయంతో రైతు పురుగుమందుల విషయంలో పాటించే జాగ్రత్త తేనెటీగకూ రక్షణ అవుతుందనేది మరువరాదు. ఇలా తిండి కరువైన రోజుల్లో, కంది పూతకు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల దాకా పెట్టెను నిలబెట్టడానికి ఇచ్చేదే అనుబంధ ఆహారం.

ఆహారం తగ్గినప్పుడు రాణి ఈగ గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. పుప్పొడి కూడా కరువైతే పిల్లలను సాకే దాది ఈగలకు పాలు ఊరవు, చివరకు అవి పిల్లపురుగులనే తినివేస్తాయి. ఇటాలియన్ తేనెటీగలు చాలావరకు పెట్టెలోనే క్షీణించిపోతాయి గాని, దేశవాళీ పుట్ట తేనెటీగలు అంత దూరం రానివ్వకుండా గూటిని ఖాళీ చేసి మందగా వలసపోతాయి. ఒకనాటి ఉదయం ఖాళీ పెట్టెను చూసిన పెంపకందారు దానికి దిష్టినో దొంగనో కారణంగా ఎంచవచ్చు. అసలు కారణం చాలాసార్లు ఆకలే.

పిల్లల పెంపకాన్ని ప్రోత్సహించాలంటే బరువు లెక్కన చక్కెర, నీరు సమపాళ్లలో కలిపిన పలుచని పాకాన్నీ, నిల్వ కోసమైతే రెండు పాళ్ల చక్కెరకు ఒక పాలు నీరు కలిపిన చిక్కని పాకాన్నీ ఇస్తారు. దేశవాళీ తేనెటీగల పెట్టెకు వారానికి 200 గ్రాముల చక్కెరను పలుచని పాకంగా ఇవ్వాలన్నది సాధారణంగా వినిపించే సిఫారసు. బెల్లం చౌకగా కనిపించినా, అందులోని అరగని పదార్థాలు ఈగలకు విరేచనాలు కలిగిస్తాయి కనుక శుద్ధమైన తెల్ల చక్కెరే వాడాలి. మాడిన పాకమూ విషతుల్యమే. ఊరూపేరూ తెలియని తేనెను పెట్టడం మరింత ప్రమాదకరం, ఎందుకంటే పిల్లపురుగులను కుళ్లబెట్టే వ్యాధుల క్రిములు అందులో దాగి ఉండవచ్చు.

పాకాన్ని సాయంకాలం, పెట్టె లోపలే, ఈగలు మునిగిపోకుండా పుల్లలు వేసిన గిన్నెలో పెట్టి, ఆ చోట ఉన్న పెట్టెలన్నింటికీ ఒకేసారి అందించాలి. పాకం బయట ఒలికినా, పగటిపూట పెట్టినా బలమైన గుంపులు బలహీనమైన వాటిపై దోపిడీకి దిగుతాయి. ద్వారాన్ని ఇరుకు చేయడం ఇందుకు మంచి అడ్డు.

చక్కెర శక్తినిస్తుందే గాని మాంసకృత్తులను ఇవ్వదు. అందువల్ల పుప్పొడి లేని వారాల్లో నూనె తీసిన సోయా పిండి మూడు పాళ్లు, వెన్న తీసిన పాలపొడి ఒక పాలు, బ్రూయర్స్ ఈస్ట్ ఒక పాలు కలిపి, చిక్కని పాకంతో ముద్దగా చేసి చట్రాలపై ఉంచే పద్ధతి ఉంది. చక్కెరతోనే సరిపెట్టుకొనే వారు ఈ ఖర్చును దండగగా భావిస్తారు గాని, పిల్లలు లేని పెట్టెలో కంది పూతనాటికి మకరందం తెచ్చే ఈగలే ఉండవు.

ఆ పూత మొదలయ్యేలోపు పాకం ఆపివేయాలి. చట్రాల్లో మిగిలిన పాకం తేనెలో కలిస్తే, భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిర్వచనం ప్రకారం అది తేనె అనిపించుకోదు. చెరకు చక్కెరలోని కర్బన పరమాణువుల పొందిక చాలా పూల మకరందంలోని దానికి భిన్నంగా ఉంటుంది కాబట్టి ప్రయోగశాలలో పట్టుబడుతుంది. ఈ రకం చక్కెర 7 శాతానికి మించరాదని ప్రమాణం. అందుకే తేనె కోసం పై అరను అమర్చేముందు, పాకం నిండిన పాత చట్రాలను గుర్తుపెట్టి, పిల్లల అరలోనే ఉంచుతారు.