ఒక్క రోజు తేడాతో ఏడాది వెనక్కి: అమెరికా బేస్‌బాల్‌లో ఆటగాళ్ల జాబితాలు మారేదిలా

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ సాగుతున్నన్నాళ్లూ దాదాపు ప్రతిరోజూ ఒక ఆటగాడు ప్రధాన జట్టుకు వస్తుంటాడు, మరొకడు దిగువనున్న మైనర్ లీగ్‌కు వెళ్తుంటాడు. జట్టు అవసరాల కోసం జరిగే ఈ మార్పులే ఆటగాడి జీతాన్ని, భవిష్యత్తును నిర్ణయిస్తాయి.

రెండు జాబితాలు

మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. ప్రతి జట్టుకూ మ్యాచ్‌లో ఆడేందుకు సిద్ధంగా ఉండే 26 మంది జాబితా ఒకటి, వీరితో కలిపి గరిష్ఠంగా 40 మంది ఉండే విస్తృత జాబితా మరొకటి ఉంటాయి. ఈ 40 మందిలో పేరు లేనివారు మేజర్ లీగ్‌లో ఆడలేరు. సీజన్ పొడవునా ఆడే నాలుగు అనుబంధ మైనర్ లీగ్ జట్లు కూడా ప్రతి జట్టుకూ ఉన్నాయి. వాటిలో పైమెట్టు ట్రిపుల్-ఎ.

పంపడానికీ పరిమితులు

పేరును 40 మందిలో ఉంచుతూనే ఆటగాణ్ణి మైనర్ లీగ్‌కు పంపడాన్ని 'ఆప్షన్' అంటారు. సాధారణంగా మూడు సీజన్లలో మాత్రమే ఈ వీలుంటుంది. 2022 నాటి కార్మిక ఒప్పందం ప్రకారం ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించి ఇలా పంపరాదు. ఐదేళ్ల సర్వీసు ఉన్నవారిని పంపాలంటే వారి సమ్మతి తప్పనిసరి.

విస్తృత జాబితాలో కొత్తవారికి చోటివ్వాలంటే ఒకరిని తప్పించాలి. ఆ ఆటగాణ్ణి వేరే జట్టుకు బదలాయించాలా, విడుదల చేయాలా అన్నది ఏడు రోజుల్లో తేల్చాలి. అతణ్ణి తీసుకునే అవకాశం మిగతా జట్లకు ఇచ్చినా ఎవరూ ముందుకు రాకపోతే మైనర్ లీగ్‌కు పంపవచ్చు. మూడేళ్ల సర్వీసు ఉన్న ఆటగాడు దానిని నిరాకరించి జట్టును వీడవచ్చు.

172 రోజుల లెక్క

సుమారు 187 రోజుల సీజన్‌లో 172 రోజులు ప్రధాన జట్టుతో గడిపితే ఏడాది సర్వీసు పూర్తయినట్లు. గాయపడినవారి జాబితాలో ఉన్న రోజులూ ఇందులో చేరతాయి. ఆరేళ్లు నిండితే ఒప్పందం ముగిశాక నచ్చిన జట్టును ఎంచుకునే హక్కు లభిస్తుంది.

2015లో షికాగో కబ్స్ జట్టు యువ ఆటగాడు క్రిస్ బ్రయంట్‌ను సీజన్ ఆరంభంలో ట్రిపుల్-ఎలో ఉంచి, ఏప్రిల్ 17న ప్రధాన జట్టులోకి తీసుకుంది. అతనికి దక్కిన సర్వీసు 171 రోజులు. ఆ ఒక్క రోజు లోటుతో 2020 సీజన్ తరువాత రావలసిన స్వేచ్ఛ మరో ఏడాది ఆలస్యమైంది. ఇది ఉద్దేశపూర్వకమన్న ఫిర్యాదును మధ్యవర్తి 2020లో తోసిపుచ్చారు. ఉత్తమ నూతన ఆటగాడి ఓటింగ్‌లో తొలి రెండు స్థానాలు పొందినవారికి పూర్తి ఏడాది సర్వీసు ఇవ్వాలన్న నిబంధన 2022 ఒప్పందంలో చేరింది.

వేతనాల్లో అంతరం

2023లో మేజర్ లీగ్ కనీస వార్షిక వేతనం 7,20,000 డాలర్లు. విస్తృత జాబితాలో లేని ట్రిపుల్-ఎ ఆటగాడికి, మైనర్ లీగ్ క్రీడాకారుల తొలి కార్మిక ఒప్పందం కుదిరిన ఆ ఏడాదే, కనీస వేతనం 35,800 డాలర్లు. అంటే దాదాపు ఇరవై రెట్ల తేడా.

ఒక టీవీ పోటీ ద్వారా ఎంపికై 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్న ఉత్తరప్రదేశ్ యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ కూడా మైనర్ లీగ్ నుంచే ప్రయాణం ఆరంభించారు. రింకూ కొన్ని సీజన్లు ఆడినా, ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ వరకు చేరుకోలేకపోయారు.