థాయ్ మిఠాయిలు: ఏవి నిశ్చింతగా తినొచ్చు, ఎక్కడ అడిగి తినాలి?

సెలవులకు బ్యాంకాక్ వెళ్లే మన కుటుంబాలు మాంసం విషయంలో జాగ్రత్తగానే ఉంటాయి. హలాల్ హోటల్ వెతుక్కుంటాయి, దొరక్కపోతే చేపలతో సరిపెట్టుకుంటాయి. మిఠాయి దగ్గరకొచ్చేసరికి మాత్రం 'స్వీటే కదా' అని పిల్లల చేతిలో పెట్టేస్తారు. థాయ్ సంప్రదాయ మిఠాయిల్లో ఎక్కువ భాగం బియ్యం, కొబ్బరి పాలు, తాటి బెల్లం, పెసరపప్పుతో చేసేవే. కాబట్టి భయపడాల్సింది తక్కువే. అయినా రెండు మూడు చోట్ల అడగక తప్పదు.

అందరికీ తెలిసింది ఖావ్ నియావ్ మముఆంగ్. అంటే జిగురు బియ్యం, మామిడి పండు. ఆవిరిపై ఉడికిన అన్నాన్ని వేడిగా ఉండగానే చక్కెర, చిటికెడు ఉప్పు కలిపిన కొబ్బరి పాలలో నానబెడతారు. పక్కన మామిడి ముక్కలు, పైన కరకరలాడే పెసరపప్పు వేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే దీని రుచే వేరు. ఇంట్లోనూ చేసుకోవచ్చు, మన బంగినపల్లి దీనికి బాగా నప్పుతుంది. సోనా మసూరితో మాత్రం కుదరదు, జిగురు బియ్యమే కావాలి. కనీసం నాలుగు గంటలు నానబెట్టి, ఆవిరిపైనే ఉడికించాలి. కుక్కర్‌లో నీళ్లు పోసి వండితే ముద్దయిపోతుంది.

ఖనోమ్ క్రోక్ చూడగానే మనకు గుంట పొంగనాలే గుర్తొస్తాయి. అలాంటి గుంటల పెనం మీదే బియ్యప్పిండి, కొబ్బరి పాల పిండి పోసి కాలుస్తారు. పైన ఉల్లికాడలు కూడా చల్లుతారు, తీపిలో ఉల్లి ఏంటని వదిలేయకండి. తాటిపండు గుజ్జుతో చేసే ఖనోమ్ తాన్ గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తగా అనిపించదు. చాలా మిఠాయిలకు పచ్చ రంగు, సువాసన ఇచ్చేది పాండన్ ఆకు. బిర్యానీలో వేసే కేవ్‌డా నీళ్లు మొగలి పువ్వు నుంచి వస్తాయి కదా, ఈ ఆకు ఆ కుటుంబానిదే.

బంగారు రంగులో మెరిసేవి థోంగ్ యిప్, థోంగ్ యోత్, ఫోయ్ థోంగ్. థోంగ్ అంటేనే బంగారం. గుడ్డు పచ్చసొనను చక్కెర పాకంలో ఉడికించి చేస్తారు. ఫోయ్ థోంగ్ అయితే అచ్చం సన్న సేమ్యాలా ఉంటుంది. ఇవి పోర్చుగీసు వంటలు. నారై రాజు కాలంలో (1656–1688) ఆయుత్తయలో ఉన్న మరియా గుయోమార్ అనే మహిళ వీటిని పరిచయం చేసిందని థాయ్‌లు చెప్పుకుంటారు. 1688లో భర్తకు మరణశిక్ష పడ్డాక ఆమె రాజప్రాసాదం వంటింట్లో పని చేయాల్సి వచ్చింది. షుగర్ ఉన్న పెద్దవాళ్లు వీటిని రుచి చూసి వదిలేస్తే మంచిది, పాకం అంత గట్టిగా ఉంటుంది.

బ్యాంకాక్ నుంచి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఆయుత్తయలోనే రోటీ సాయ్ మాయ్ దొరుకుతుంది. రంగురంగుల పీచు మిఠాయిని పల్చటి రోటీలో చుట్టి తినడమే. చేసేవాళ్లలో చాలామంది స్థానిక ముస్లిం కుటుంబాల వాళ్లు. పిల్లలతో వెళ్తే ఇది వదులుకోకూడదు.

ఇక అడగాల్సినవి. చిన్న చిన్న పండ్ల బొమ్మల్లా ఉండే లూక్ చుప్ లోపల పెసరపప్పు ముద్దే, మెరుపంతా పైపూతది. సంప్రదాయంగా సముద్రపు నాచు నుంచి తీసే అగర్ వాడతారు, థాయ్‌లో దాన్ని 'వున్' అంటారు. దాని బదులు జెలటిన్ వేశారేమో కనుక్కోవాలి. పొరలు పొరలుగా ఉండే చైనా తరహా ఖనోమ్ పియాలో పాత పద్ధతి ప్రకారం పంది కొవ్వు కలుపుతారు. లోపల పప్పే కదా అనుకుంటే పొరపాటే. 'మూ' అంటే పంది, 'నామ్ మన్ మూ' అంటే పంది కొవ్వు నూనె. ఈ రెండు మాటలు గుర్తుంటే సగం పని అయినట్టే. అరటి ఆకులో చుట్టి అమ్మే ఖావ్ మాక్ అయితే ఈస్ట్‌తో పులియబెట్టిన అన్నం, అందులో కొంత ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని వదిలేయడమే.

ప్యాకెట్ మీదైతే థాయ్‌లాండ్ సెంట్రల్ ఇస్లామిక్ కౌన్సిల్ ఇచ్చే వజ్రాకారపు ముద్ర, అందులో అరబీలో 'హలాల్' అని ఉందా చూసుకోవాలి. బండి దగ్గర అడిగేటప్పుడు ఒక చిన్న సంగతి: థాయ్‌లు ఆ మాటను 'హాలాన్' అని పలుకుతారు. 'హాలాన్ మయ్?' అంటే వెంటనే అర్థమవుతుంది.