పిప్పి మంటలో పనికొచ్చేదెంత?
బెల్లం పొయ్యి దక్షతకూ ఉంది ఓ లెక్క

అనకాపల్లి: చెరకు రైతు గానుగ వద్ద రసం ఎంత దిగిందో చూసుకుంటాడు. మార్కెట్‌ యార్డులో దిమ్మలను దగ్గరుండి తూకం వేయిస్తాడు. పొయ్యిలోకి పోయే పిప్పిని మాత్రం తూచేవారు అరుదు. సొంత చెరకు నుంచి వచ్చినదే కదా అన్న ధీమా. వంట మధ్యలో కుప్ప తరిగిపోయి కట్టెలు కొనవలసి వచ్చినప్పుడు గానీ ఆ లెక్క గుర్తుకు రాదు.

పొయ్యికైనా, మోటారుకైనా దక్షత లెక్క ఒక్కటే. పనికి ఉపయోగపడిన శక్తిని, ఇచ్చిన మొత్తం శక్తితో భాగించి నూటితో హెచ్చవేస్తే శాతం వస్తుంది. భాగహారం సులువే. ఉపయోగపడినది ఏదో ముందుగా తేల్చుకోవడమే కీలకం. బెల్లం పొయ్యిలో రసాన్ని కాచి, అందులోని నీటిని ఆవిరి చేసిన వేడి ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ఉదాహరణకు టన్ను చెరకు ఆడితే 600 కిలోల రసం, 400 కిలోల పచ్చి పిప్పి వచ్చాయనుకుందాం. ఆ రసం నుంచి 100 కిలోల బెల్లం దిగితే, మడ్డి సంగతి అటుంచి, 500 కిలోల నీరు ఆవిరైనట్లు. మరిగే కిలో నీరు ఆవిరి కావడానికి 540 కిలోకేలరీల వేడి కావాలి. అంటే 2,70,000. రసం 30 డిగ్రీల నుంచి మరిగే స్థితికి రావడానికి మరో 40,000 వరకు పడుతుంది. మొత్తం 3,10,000 కిలోకేలరీలు.

ఇక ఖర్చు వైపు చూద్దాం. బాగా ఎండిన పిప్పి కిలోకు సుమారు 3,700 కిలోకేలరీలు ఇస్తుంది. ఈ వంటకు 300 కిలోలు కాలిస్తే వెచ్చించిన వేడి 11,10,000. దక్షత 28 శాతం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 400 కిలోల పచ్చి పిప్పి ఎండితే మిగిలేది 220 కిలోలే. తక్కిన 80 కిలోల లోటును చెరకు ఆకుతోనో, కట్టెలతోనో పూడ్చాలి. సొంత పిప్పితోనే వంట ముగియాలంటే పొయ్యి దక్షత 38 శాతానికి చేరాలి.

పచ్చి పిప్పి వేస్తే తూకం ఎక్కువ కదా అనుకోవడం పొరపాటు. సగం నీరున్న పిప్పి కిలోకు ఇచ్చేది 1,800 కిలోకేలరీలే. 400 కిలోలకు 7,20,000. అదే కుప్ప ఎండాక 8,14,000 ఇస్తుంది. దాదాపు లక్ష కిలోకేలరీలు ఎండ పుణ్యమే.

మిగిలిన వేడి ఎటు పోతోంది? అధిక భాగం పొగగొట్టం దారినే. అవసరానికి మించి గాలి చొరబడితే ఆ గాలిని కూడా వేడి చేసి బయటకు పంపినట్లవుతుంది. కొంత గోడలకు, నేలకు పోతుంది. బూడిదలో నల్లగా మిగిలిన ముక్కలు కాలని ఇంధనమే. పొగగొట్టం వైపు రెండో పెనం అమర్చి, పోయే వేడితో రసాన్ని 70 డిగ్రీల వరకు కాస్తే పై లెక్క ప్రకారం వంటకు 22 కిలోల పిప్పి మిగులుతుంది. పెనం అడుగున రెక్కలు అతికించి, మంట తగిలే వైశాల్యాన్ని పెంచే పద్ధతీ ఉంది. 1913లో ఏర్పడిన అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో చెరకుతో పాటు బెల్లం తయారీపైనా పరిశోధనలు సాగాయి.

ఇదే జిల్లాలోని పరవాడ వద్ద 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్‌ కేంద్రం ఉంది. బొగ్గు కేంద్రాల లెక్కా ఇలాంటిదే. ఒక యూనిట్‌ విద్యుత్తు 860 కిలోకేలరీలకు సమానం. దానికోసం 2,400 కిలోకేలరీల బొగ్గు కాలిస్తే దక్షత 36 శాతం. అలాగని పొయ్యి 28, కేంద్రం 36 అని పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. పొయ్యి వేడిని వేడిగానే అందిస్తుంది. కేంద్రం వేడిని విద్యుత్తుగా మార్చాలి, ఆ మార్పులో పెద్ద భాగాన్ని వదులుకోక తప్పదని భౌతికశాస్త్ర నియమమే చెబుతోంది. పొయ్యికి అటువంటి సాకు లేదు.

కొత్త పొయ్యి కట్టించుకునేవారు మేస్త్రి మాటతో సరిపెట్టుకోనవసరం లేదు. మోపులు లెక్కించడం కాక, ఒకే తీరుగా ఎండిన పిప్పిని కాటాపై తూచి, రసాన్నీ దిగిన బెల్లాన్నీ తూచి, పాత పొయ్యిపై మూడు వంటలు, కొత్తదానిపై మూడు వంటలు రాసుకుంటే చాలు. మొదటి వంటను లెక్కలోకి తీసుకోరాదు. చల్లారిన గోడలు వేడెక్కడానికే కొంత పిప్పి పోతుంది.