మీకు తెలుసా? కంప్యూటరు వెల కరఁగు తీరు

వ్యాపారార్థమై 50,000 రూపాయలు వెచ్చించి కొనిన కంప్యూటరు విలువనుండి, మన ఆదాయపు పన్ను నిబంధనల ననుసరించి, ఏటేట మిగిలిన మొత్తముపై నూటికి 40 వంతున తరుగుదల తీసివేయఁబడుచుండుటచే, మొదటి యేఁటి చివర 30,000, రెండవ యేఁట 18,000, మూడవ యేఁట 10,800 రూపాయలు మాత్రమే లెక్కలో నిలుచును. 2017 ఏప్రిల్ 1కి పూర్వము ఈ రేటు నూటికి 60గా నుండెను. ఆ లెక్కన మూఁడేండ్లకు మిగులునది 3,200 రూపాయలే! కొనిన యేఁట 180 దినములకన్నఁ దక్కువ వాడినచో, ఆ యేఁటికి సగము రేటే వర్తించును.

2013 నాఁటి కంపెనీల చట్టమో, డెస్క్‌టాపునకును ల్యాప్‌టాపునకును మూఁడేండ్ల యాయుర్దాయమును, సర్వరునకు ఆఱేండ్లను నిర్ణయించినది. (యంత్రములు చట్టములు చదువవు గనుక, పదేండ్లు పనిచేయునవియుఁ గలవు.)

అయినను పద్దులలోని విలువ వేఱు, అంగడి విలువ వేఱు. పాతసరకు కొనువాఁడు పద్దుపుస్తకమును జూడఁడు. ప్రాసెసరు ఏ తరమునకుఁ జెందినదో, బ్యాటరీ యెంతసేపు నిలుచునో, క్రొత్త సాఫ్ట్‌వేరు దానిపై నడచునో నడవదో విచారించి, పిదపనే బేరమునకు దిగును.

ఈ క్షయధర్మమునకు లోఁబడనిది ఆపిల్-1 అను కంప్యూటరు. 1976లో 666 డాలర్ల 66 సెంట్లకు విక్రయింపఁబడిన ఆ నమూనా యంత్రములలో నొకదానిని, 2014లో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియమువారు వేలమునందు 9,05,000 డాలర్లకుఁ గొనిరి.