మోటారు యంత్రము మిక్కిలి వేఁడెక్కుట

పెట్రోలు మండుటవలనఁ బుట్టు వేఁడిమిలో ఇంచుమించు మూఁడవవంతు మాత్రమే బండిని నడుపును. మఱియొక భాగమును యంత్రముచుట్టును ప్రవహించు నీరు గ్రహించి రేడియేటరునకుఁ గొనిపోవును. అచట గాలి దానిని చల్లార్చును. ఈ ప్రవాహ మెచ్చట నాగినను యంత్రము కాఁగును. కావున కారణమును మనము వరుసగా వెదకవలెను.

ముల్లు ఎఱ్ఱగీఁతను చేరఁగానే బండి నాపి, యంత్రమును అరగంటయైనను ఆఱనీయవలెను. వేఁడిగా నున్నప్పుడు రేడియేటరుమూఁతను విప్పరాదు. లోని నీరు ఒత్తిడివలన 100 డిగ్రీలు దాఁటియు మరుగక యుండును. మూఁత తీసినతోడనే యావిరియై యెగసి మొగమును కాల్చును.

చల్లాఱినపిదప మొదట నీటిమట్టమును జూతము. తగ్గినచో గొట్టములు కారుచున్నవేమో పరీక్షింపవలెను. నిండుగా నున్నచో బెల్టు వదులైనదేమో చూచి, మరల యంత్రమును నడిపి, ఫ్యాను తిరుగుటను గమనింపవలెను. అప్పుడు పై రబ్బరుగొట్టము కాలుచు, క్రిందిది చల్లగా నున్నచో, సుమారు 85 డిగ్రీలకుఁ దెఱచుకొనవలసిన థర్మోస్టాటను కవాటము మూసికొనియే యున్నదని యూహింపవచ్చును, దానిని మార్పవలెను. కారుట లేకయే నీరు తగ్గుచు, పొగగొట్టమునుండి తెల్లని యావిరి విడువక వచ్చుచున్నచో, హెడ్ గ్యాస్కెటు చెడినదని శంకించి మెకానిక్కునకుఁ జూపవలెను.

కారణ మెఱుఁగక నీరుమాత్రము పోసి నడపుట, రోగ మెఱుఁగక నుదుట తడిగుడ్డ వేయుటవంటిది.