వృద్ధుల శ్రమకు కొలత

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు, ప్రకాశం సీమల మిరప కళ్లములలో, అరువదేండ్లు దాటిన స్త్రీలు పొద్దు పొడిచినది మొదలు పొద్దు వాలువరకు కూర్చుండి తాలుకాయలు ఏరుచు, తొడిమలు తీయుచుందురు. అయినను, వ్యాయామము చేయుదురా యని వారిని అడిగినచో, లేదనియే బదులు వచ్చును.

శరీరశ్రమను కొలుచుటకు ప్రధానమార్గములు రెండు: ప్రశ్నించుట, పరికరమును తొడుగుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 16 ప్రశ్నల పట్టిక పనిని, రాకపోకలను, వినోదమును వేర్వేరుగా విచారించి, కనీసము 10 నిమిషములు ఎడతెగక సాగిన శ్రమను మాత్రమే లెక్కకు తెచ్చును. కాని పొద్దును బట్టి కాలమునెరుగు పల్లెవాసికి, నడుమనడుమ ఆగి చేసిన పనిని నిమిషములలోనికి మార్చుట దుష్కరము. జ్ఞాపకము సన్నగిల్లు వయసున మరింత కష్టము.

నడుమునకు కట్టు ఆక్సెలరోమీటరు జ్ఞాపకముపై ఆధారపడక, దేహవేగములోని మార్పును క్షణక్షణము నమోదుచేయును. అయినను, కూర్చుండి తొడిమలు తీయునామె దానికి విశ్రాంతిలో నున్నట్లే తోచును. నెత్తిన మోయు పత్తిమూట బరువు దానికి తెలియదు. కాళ్లీడ్చుచు మెల్లగా నడచు వృద్ధుని అడుగులలో కొన్నింటిని అది విడిచిపెట్టును.

ఋతుభేదము మరియొక చిక్కు: పత్తితీతల నాటి వారమును, వైశాఖపు ఎండల నాటి వారమును ఒక్కటి గావు. కనుక వేర్వేరు కాలములలో కొలిచి, ప్రశ్నలలో స్థానికమైన పనుల పేర్లు చేర్చుట మేలు.

65 ఏండ్లు దాటినవారికి వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమశ్రమయు, కనీసము 3 దినములు తూలిపడకుండ నిలుపు అభ్యాసములును కావలెనని ఆ సంస్థ 2020లో సూచించినది. తొడిమలు తీయుట కాళ్లకు బలమీయదు. ఎంత పని యనుటతోపాటు ఎట్టి పని యనుటయు కొలతలో చేరిననే, వైద్యుని సలహా ఆ ముదుసలికి అక్కరకు వచ్చును.